నాలుగో నంబరు కళ్ళల్లో బొట్టు

మా మేడం పోయినప్పుడు రేపల్లె చర్చిలో పాస్టరుగారు ఆవిడ గురించి చాలాసేపు మాట్లాడారు. ఎక్కడ పుట్టారు, ఏం చదివారు, ఏయే కాలేజీల్లో పాఠాలు చెప్పారు, అన్నీ వరసగా చెప్పుకొచ్చారు. అంతా నిజమే కాబోలు. చివర్లో మాత్రం, "మన సహోదరి గొప్ప ఓర్పు గల ఉపాధ్యాయురాలు" అన్నారు. వెనక బెంచీలో కూర్చున్న మేం, ఆవిడ పాత స్టూడెంట్లం, ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఓర్పా? ఆవిడకా? ఏడుస్తూ ఏడుస్తూనే నాకు నవ్వొచ్చింది. చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

ఆ పుట్టిన ఊళ్ళూ డిగ్రీలూ నాకు తెలియవు, తెలుసుకోవాలనీ లేదు. నాకు తెలిసిన మనిషి గచ్చు మీద బోర్లా పడుకుని, చెంప నేలకానించి, ఒక కన్ను మూసి చూస్తూ ఉంటుంది. జరీ చీర కట్టుకున్నా సరే, చుట్టూ ఎవరున్నా సరే.

ఆవిడ మాకు బాపట్ల దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆల్గారిథమ్స్ చెప్పేవారు. ఒక పని ఎలా చెయ్యాలో, ఏ మెట్టు తర్వాత ఏ మెట్టో, కంప్యూటరుకి అనుమానం రాకుండా చెప్పే విద్య అది. ఆ పేపరంటే కాలేజీ మొత్తానికి హడల్. సీనియర్లు దాని పేరు చెప్పి మమ్మల్ని బూచోణ్ణి చూపించినట్టు భయపెట్టేవాళ్ళు. నేను సంగం జాగర్లమూడిలో పొద్దున్నే రైలెక్కి, తెనాలిలో మారి, బాపట్ల చేరేదాన్ని. దారంతా గైడు ముందేసుకుని బట్టీ కొట్టేదాన్ని. గట్టెక్కడానికి అదొక్కటే మార్గమని నా గట్టి నమ్మకం.

మొదటి రోజు ఆవిడ పుస్తకం లేకుండా వచ్చారు. చేతిలో ఒక పాత చున్నీ ఉంది. "చెప్పులు బయట విప్పి లోపలికి రండి" అన్నారు. నన్ను ముందుకు పిలిచి నా కళ్ళకు ఆ చున్నీ కట్టారు. నా పక్కన కూర్చునే అమృతలూరు అమ్మాయిని లేపి, "దీన్ని తలుపు దాకా నడిపించు. నువ్వు చెప్పింది చేస్తుంది. చెప్పంది చెయ్యదు" అన్నారు.

"ముందుకు నడువు" అంది ఆ పిల్ల. నడిచాను. బెంచీ మూల మోకాలి చిప్పకి ఠపీమని తగిలింది. అమ్మో అని కింద కూలబడ్డాను. క్లాసంతా గొల్లుమంది.

"ఎందుకు కూర్చున్నావు?" అన్నారావిడ.

"దెబ్బ తగిలింది మేడం."

"కూర్చోమని ఎవరైనా చెప్పారా?"

"లేదు మేడం."

"లే మరి." తర్వాత నా ఫ్రెండు వైపు తిరిగారు. "ఆగమని చెప్పావా?"

"బెంచీ ఉంటే తనే ఆగుద్దనుకున్నానండి."

"అనుకోవడం నీ బుర్రలో ఉంది. దాని బుర్రలో లేదు."

అదీ ఆవిడ మొదటి పాఠం. మోకాలు వారం రోజులు నొప్పెట్టింది. కానీ ఆ పాఠం గైడులో ఏ పేజీలోనూ లేదని నాకు రైల్లో ఇంటికెళ్ళేటప్పుడు తట్టింది.

రోబోలు ఆ తర్వాత వచ్చాయి. సినిమాల్లో చూపించేవి కావు. అరచేతి కంటే కాస్త పెద్దవి. రెండు చక్రాలు, ఒక బోర్డు, బ్యాటరీలు, ముందు వైపు రెండు గుండ్రటి కళ్ళున్న తల. ఒక కన్ను మనకు వినపడని శబ్దం పంపిస్తుంది. అది ఎదుటి గోడకి తగిలి తిరిగొస్తే రెండో కన్ను పట్టుకుంటుంది. ఎంతసేపట్లో తిరిగొచ్చిందో చూసుకుని గోడ ఎంత దూరంలో ఉందో లెక్క కట్టుకుంటుంది. నాలుగడుగులు వెళ్ళి ఆగి, తల ఎడమకీ కుడికీ తిప్పి చూసుకుని, మళ్ళీ కదులుతుంది. దాన్ని మొదటిసారి చూసిన ఆడపిల్లలం అందరం ఒక్కసారే "బుజ్జిముండ" అన్నాం.

మేం మా దానికి ఒక పేరు పెట్టి, స్టిక్కరు మీద రాసి అతికించాం. ఆవిడ గోటితో ఆ స్టిక్కరు గీకి పారేశారు. "పేరు పెడితే ముద్దొస్తుంది. ముద్దొస్తే దాని తప్పులు క్షమిస్తారు. దాంతో పాటు మీ తప్పులు కూడా క్షమించేసుకుంటారు" అన్నారు. బ్యాగులోంచి ఎర్ర నెయిల్ పాలిష్ సీసా తీసి ఒక్కోదాని వీపు మీదా ఒక్కో నంబరు వేశారు. మాది నాలుగో నంబరు. బొట్టూ కాటుకా పౌడరూ ఏమీ లేని ఆ మనిషి బ్యాగులో నెయిల్ పాలిష్ ఉండడం మాకు కొన్నాళ్ళ పాటు పెద్ద కబురు.

దారులు కట్టడానికి చెక్కలు అడిగితే కాలేజీ వాళ్ళు ఇవ్వలేదు. ఆవిడ స్టోరు రూములోంచి పాత మిడ్ పరీక్షల పేపర్ల కట్టలు మోయించారు. వాటిని వరసగా పేర్చి గోడలు కట్టాం. మా సీనియర్లు తప్పిన పేపర్ల సందుల్లో మా రోబోలు దారి వెతుక్కునేవి. అందరం వట్టి కాళ్ళతో, దుమ్ము కొట్టుకుపోయి, నేల మీద పాకుతూ ఉండేవాళ్ళం. చూసినవాళ్ళెవరూ అది క్లాసని నమ్మేవాళ్ళు కాదు.

మొదట్లో మేం చేసిన తెలివైన పని ఏమిటంటే, దారి కళ్ళతో చూసేసుకుని, ఇన్నడుగులు ముందుకు, ఎడమకి, మళ్ళీ ముందుకు, కుడికి అని రాసేయడం. రోబో టకటకా వెళ్ళి బయటికొచ్చింది. మేం చప్పట్లు కొట్టుకున్నాం. ఆవిడ వచ్చి ఒక కట్టని కాలి వేలితో కాస్త పక్కకి జరిపారు. "మళ్ళీ నడిపించండి" అన్నారు. అది వెళ్ళి కట్టకి గుద్దుకుని చక్రాలు తిప్పుతూ అక్కడే ఏడుస్తోంది.

"మీరు దానికి దారి చెప్పారు. దారి వెతకడం చెప్పలేదు" అన్నారు.

కోపమొస్తే ఆవిడ గొంతు పెరిగేది కాదు, తగ్గేది. తగ్గి తగ్గి చివరికి గుసగుస అయ్యేది. అప్పుడు ల్యాబులో ఫ్యాను చప్పుడు కూడా వినపడేది. బుగ్గన లవంగం పెట్టుకుని మన వెనక వచ్చి నిలబడేవారు. వాసన బట్టి తెలిసేది వచ్చారని. మెడ వెనక్కి తిప్పే ధైర్యం ఉండేది కాదు. అంత భయం నేను మా నాన్నకి కూడా పడలేదు.

రోబో తిక్కతిక్కగా ప్రవర్తిస్తే మేం ప్రోగ్రాము చూసేవాళ్ళం. ఆవిడ రోబోని చూసేవారు. నేల మీద పడుకుని, కళ్ళు దాని కళ్ళ ఎత్తుకు తెచ్చి, "అదిప్పుడేం చూస్తోంది?" అని అడిగేవారు. మాక్కనిపించేది కాదు ఆవిడకి కావలసింది, దానికి కనిపించేది. ఒకసారి ఎండ కిటికీలోంచి పడి అది తికమక పడుతోందని అన్నాం. "దానికి ఎండ కనపడదు. చెవితో చూసేదాన్ని పట్టుకుని ఎండంటారేంటి?" అని గుసగుసలాడారు.

దారి తప్పితే వెనక్కి ఎలా రావాలో చెప్పడానికి మాత్రం తన టిఫిన్ కేరియర్ తెచ్చారు. గిన్నెలన్నీ విడదీసి, మలుపు దగ్గర ఏ వైపు తిరిగామో చీటీ వేసి ఒక గిన్నె, ఇంకో మలుపుకి దాని మీద ఇంకో గిన్నె పెట్టించారు. ముందు దారి లేకపోతే పై గిన్నె తీసి, ఆ మలుపుకి తిరిగొచ్చి, చూడని వైపు చూడాలి. అదీ కాకపోతే దాని కింది గిన్నె. "కింది గిన్నె కావాలంటే పైది తియ్యక తప్పదు. అంతే" అన్నారు. ఆ రోజు అందులోని పులుసన్నం ఆవిడ ఎక్కడ పెట్టుకుని తిన్నారో మరి.

ఆవిడకి ఒక్క నియమం ఉంది. రోబో నడుస్తున్నప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి మా క్లాసబ్బాయి ఒకడు, మూల దగ్గర ఇరుక్కున్న దాన్ని వేలితో చిన్నగా తోశాడు. అది బయటపడి గమ్యం చేరింది. ఆవిడ చూశారు. దాన్ని తీసి మళ్ళీ మొదట్లో పెట్టారు. "పరీక్షకి నీ వేలు కూడా పంపిస్తావా?" అన్నారు. ఆ తర్వాత గంటసేపూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాడు ఆ వేలు జేబులో పెట్టుకుని కూర్చున్నాడు.

ఇంత చేసినా, లేక ఇంత చేసినందుకో, పైవాళ్ళకి ఆ ల్యాబు నచ్చలేదు. చైర్మన్‌గారు ఒక రోజు తలుపు దగ్గర నిలబడి చూసి, "ఇది కాలేజీయా, గోడౌనా?" అన్నారట. ఆయన ఆలోచన వేరు. రోబోలన్నిటినీ ఆఫీసు ముందు గాజు బీరువాలో పెట్టి, లైట్లు వేసి, తాళం పెట్టాలి. అడ్మిషన్లకొచ్చే తల్లిదండ్రులు చూసి ఆహా అనుకోవాలి. పిల్లల చేతుల్లో ఉంటే పాడైపోతాయి కదా!

ఆవిడ వెళ్ళి మాట్లాడారు. ఏం మాట్లాడారో మాకు తెలియదు. తిరిగొచ్చి రెండు ముక్కల్లో చెప్పారు. "ఓపెన్ డే నాడు అందరి ముందూ ఒక రోబో తనంతట తను దారి వెతుక్కుని బయటికి రావాలి. గోడలు చైర్మన్‌గారే పెడతారు. రాకపోతే సోమవారం నుంచి ల్యాబు ఉండదు." అంతే చెప్పి స్క్రూడ్రైవరు తీసుకున్నారు. ఆ స్క్రూడ్రైవరు స్క్రూ మీద కుదురుగా నిలబడలేదు. చూడనట్టు తల తిప్పుకున్నాను.

నడిపించడానికి మా నాలుగో నంబరుని ఎంచుకున్నారు. ప్రోగ్రాములో ఎక్కువ భాగం నేను రాసిందే. అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు.

తల్లిదండ్రులకి కాలేజీ చూపించే ఆ ఓపెన్ డే శనివారం పెట్టారు. పొద్దున కారిడార్లో మా డిపార్ట్‌మెంటు పెద్ద హెచ్.ఓ.డి.గారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన చెడ్డవారు కాదు, భయస్తుడు. చొక్కా అప్పటికే తడిసిపోయింది. నా చేతిలో ఒక ఫోను పెట్టారు. దాని తెర మీద ముందుకి, వెనక్కి, పక్కలకి బాణం గుర్తులున్నాయి. మొదట్లో చక్రాలు సరిగ్గా తిరుగుతున్నాయో లేదో చూసుకోవడానికి వాడిన రిమోటు అది. మా ప్రోగ్రాములో ఆ భాగం ఇంకా అలాగే ఉంది.

"దీన్ని రోబోకి కలిపి ఉంచాను. ఇరుక్కుంటే నువ్వే నడిపించెయ్యి. చున్నీ కింద పట్టుకో, ఎవరికీ కనపడదు" అన్నారు.

"మేడంకి తెలుసాండి?"

"మేడంకి ఎందుకమ్మా? ఆవిడ కోసమే కదా ఇదంతా. ల్యాబు ఉండాలా వద్దా నీకు?"

ఉండాలి. నేను ఫోను తీసుకున్నాను.

సెమినారు హాలు నిండిపోయింది. పొన్నూరు వైపు నుంచి, చీరాల వైపు నుంచి తల్లిదండ్రులు వచ్చారు. ముందు వరసలో చైర్మన్‌గారు, పక్కన వాళ్ళమ్మగారు. ఆవిణ్ణి కాలేజీలో అందరూ పెద్దమ్మగారనేవారు. మధ్యలో నేల మీద చైర్మన్‌గారు తన చేతులతోనే కట్టలు పేర్చారు. బాగా కష్టంగానే పేర్చారు. ఎక్కడికీ పోని సందులు కూడా పెట్టి, చేతులు దులుపుకుని నవ్వుతూ కూర్చున్నారు.

కొత్త బండికి చేసేదంతా నాలుగో నంబరుకీ చేశారు. బల్ల మీద పెట్టి, దండ వేసి, అగరొత్తులు వెలిగించి, కొబ్బరికాయ కొట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు కూడా పెట్టారు. నిమ్మకాయలు చక్రాలకంటే పెద్దవి. రోబో వాటి మీద కోడిగుడ్ల మీద కూర్చున్న పెట్టలా ఉంది. అందరం నిమ్మకాయల్ని చూసి నవ్వుకుంటున్నాం. ఆ నవ్వుల్లో పెద్దమ్మగారు లేచి వచ్చి దానికి పసుపూ కుంకుమా పెట్టి వెళ్ళారు. ఎక్కడ పెట్టారో ఎవరూ చూడలేదు. కాలేజీలో పూజ జరిగినప్పుడల్లా మా మేడం ఒక పక్కకి వెళ్ళి, చేతులు ముందు కలుపుకుని నిలబడేవారు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. ఆ రోజు కూడా హాలు చివర స్తంభం దగ్గర నిలబడ్డారు.

నేను దండ తీసి, నాలుగో నంబరుని దారి మొదట్లో పెట్టి స్విచ్చి వేశాను. అది తల ఎడమకి తిప్పింది. కుడికి తిప్పింది. ఉన్నచోటే వెనక్కి తిరిగింది. మళ్ళీ తల ఎడమకి, కుడికి. మళ్ళీ వెనక్కి. ఒక్క అంగుళం ముందుకి పోలేదు. ఉన్నచోటే గిర్రున తిరుగుతోంది.

"కళ్ళు తిరుగుతున్నాయేమోనండి పాపం దానికి" అన్నాడు ఈపురుపాలెం నుంచి వచ్చిన ఒక తండ్రి. హాలంతా నవ్వు. చైర్మన్‌గారు కూడా నవ్వారు. పోయింది. ల్యాబు పోయింది. నా ప్రోగ్రాము మూలంగానే పోయింది.

హెచ్.ఓ.డి.గారు నా వైపు చూసి కళ్ళెగరేశారు. చున్నీ కింద నా బొటనవేలు ముందుకి బాణం మీద ఉంది. చెమటకి తెర జారుతోంది. దారి నాకు పైనుంచి మొత్తం కనిపిస్తోంది. నొక్కితే చాలు.

అప్పుడే మేడం జనాన్ని తప్పించుకుంటూ వచ్చారు. ఎవరివైపూ చూడలేదు. తెల్ల జరీ చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, అందరి ముందూ, అంతమంది మగాళ్ళ ముందూ, నేల మీద బోర్లా పడుకున్నారు. చెంప గచ్చుకానించి, ఒక కన్ను మూసి, నాలుగో నంబరు మొహంలో మొహం పెట్టి చూశారు. నవ్వులు టక్కున ఆగిపోయాయి. చైర్మన్‌గారు కుర్చీలో ముందుకి జరిగారు.

ఆవిడ చాలాసేపు లేవలేదు. మామూలుగా ఒక్క చూపు చాలు ఆవిడకి. ఆ రోజెందుకో అలాగే ఉండిపోయారు. ఆవిడ ముక్కు ముందు అది తిరుగుతూనే ఉంది. "నొక్కవే, నొక్కు" అన్నట్టు హెచ్.ఓ.డి.గారి పెదాలు కదిలాయి. నేను నొక్కలేకపోయాను. ధర్మమూ న్యాయమూ ఏమీ గుర్తు రాలేదు నాకు. ఆ హాల్లో ఎవర్నైనా మోసం చెయ్యొచ్చు, దాని కళ్ళల్లోకి చూస్తున్న ఆ మనిషిని చెయ్యలేం. అది చూడకుండా కదిలిందని ఆవిడకి ఆ క్షణమే తెలిసిపోతుంది. ఆ తర్వాత ఆవిడ నా వెనక వచ్చి నిలబడతారు. అది తలుచుకుంటేనే నా వేలు బిగుసుకుపోయింది.

చివరికి ఆవిడ మోకాళ్ళ మీద లేచారు. "దీనికి ఎటు చూసినా గోడే కనిపిస్తోంది" అన్నారు, ఎవరితోనో కాదు, దానితోనే. అప్పుడు అందరం చూశాం. రెండు కళ్ళకీ తడి పసుపు మెత్తి ఉంది, దాని మీద కుంకుమ. శబ్దం లోపలికీ పోదు, బయటికీ రాదు.

ఆవిడ చెయ్యి దాని మొహం దాకా వెళ్ళి గాలిలో ఆగిపోయింది. "మేడం, మీరు ముట్టుకోవద్దండి. పెద్దమ్మగారు పెట్టిన బొట్టు" అని హెచ్.ఓ.డి.గారు పక్కనుంచి గొణిగారు. హాలు మొత్తం ఒక్కసారే ఆవిడ వట్టి నుదుటి వైపు చూసింది. వెనక నుంచి ఎవరిదో గొంతు, "ఆవిడ చర్చి వాళ్ళు కదా" అంది. తుడిస్తే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. తుడవకపోతే ఏమవుతుందో మాకు తెలుసు.

ఆవిడ నాలుగో నంబరుని రెండు చేతులతో, బొట్టుకి వేలు తగలకుండా, పక్కల నుంచి ఎత్తి పట్టుకున్నారు. నడిచి వెళ్ళి పెద్దమ్మగారి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు.

"అమ్మా, ఇవి దీని కళ్ళండి. బొట్టు కళ్ళల్లో పడిందండి. మీరు పెట్టింది నేను తియ్యకూడదు. మీరే తుడవండమ్మా" అన్నారు. గొంతు గుసగుసలా ఉంది. ఆ గుసగుస కోపంలోనే కాదు, భయంలో కూడా వస్తుందని నాకప్పుడు తెలిసింది.

పెద్దమ్మగారు కళ్ళు చికిలించి చూశారు. ఆవిడ మొహంలో ఏముందో తెలియడం లేదు. చైర్మన్‌గారు, "అమ్మా, నువ్వు కూర్చో, వాళ్ళు చూసుకుంటారు" అన్నారు.

"నువ్వూరుకోరా" అన్నారు పెద్దమ్మగారు. రోబోని దగ్గరకి లాక్కుని మొహం దాని మీదకి వంచారు. "కళ్ళా ఇవి? అద్దాలు తెచ్చుకోలేదమ్మాయ్, మొహం అనుకుని మెత్తేశాను. చంటిపిల్లకి కళ్ళల్లో కుంకుమ కొట్టినట్టయ్యింది పాపం" అంటూ చీర చెంగు కొస నాలికతో తడిపి, చంటిపిల్ల మొహం తుడిచినట్టే గట్టిగా తుడవడం మొదలుపెట్టారు. ఆ కళ్ళకి తడి తగలకూడదని మాకు మేడం ఎన్నిసార్లు చెప్పారో! మేడం పళ్ళ మధ్య లవంగం విరిగిన చప్పుడు నాక్కూడా వినపడింది. అయినా ఓర్చుకున్నారు.

"మరి నుదురెక్కడే దీనికి?"

మేడం దాన్ని పైనుంచి కింద దాకా చూశారు. "నెత్తి మీద పెట్టండమ్మా. అక్కడేం కాదు" అన్నారు.

పెద్దమ్మగారు నెత్తి మీద మళ్ళీ బొట్టు పెట్టారు. మేడం ఆ రెండు కళ్ళల్లోకీ ఉఫ్ ఉఫ్ మని ఊది, తన చీర పొడి కొంగుతో అద్ది, నా చేతికిచ్చారు. ఒక కంటి అంచున ఇంకా పసుపుంది. "పెట్టు" అన్నారు.

పెట్టాను. అది తల తిప్పి చూసింది. కదిలింది. మొదటి మలుపు దగ్గర ఎడమకి తిరిగింది. ఆ సందు చివర చైర్మన్‌గారు మూసేశారు. అది తిన్నగా అందులోకే పోయింది. జనం "అయ్యో" అన్నారు. చైర్మన్‌గారు కుర్చీలో వెనక్కి వాలారు. నాలుగో నంబరు ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. వెనక్కి తిరిగింది. వచ్చిన దారినే మలుపు దాకా వచ్చి, చూడని వైపుకి తిరిగింది. జనం అయ్యో అన్నదే అది చెయ్యాల్సిన పని. ఆ సంగతి తెలిసినవాళ్ళం మేం ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఇంకో సందులోకి పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. మూడో మలుపు తిరిగేటప్పుడు పసుపున్న కన్ను మోసం చేసిందేమో, కట్టని రాసుకుంటూ పోయింది. ఆగలేదు. మెల్లగా, తల తిప్పుకుంటూ, బయటికి వచ్చేసింది.

పెద్దమ్మగారు ముందు చప్పట్లు కొట్టారు. తర్వాత అందరూ కొట్టారు. చైర్మన్‌గారు అందరికంటే ఆలస్యంగా కొట్టి, "ఆ గది మీరే ఉంచుకోండి మేడం" అన్నారు. ఆవిడ తల ఊపి, వంగి నాలుగో నంబరు స్విచ్చి ఆపారు. ఆ సందట్లో నేను ఫోను హెచ్.ఓ.డి.గారికి ఇచ్చేశాను. ఆయన నా వైపు చూడకుండా జేబులో వేసుకున్నారు.

శనివారాలు ఆవిడ బాపట్లలోని అద్దె గది నుంచి రేపల్లె వెళ్ళేవారు, ఆదివారం చర్చికి. తెనాలి దాకా మా ఇద్దరిదీ ఒకటే రైలు. ఆ సాయంత్రం నేను గర్వంతో ఉబ్బి ఉన్నాను. ఆవిడ మెచ్చుకుంటారని ఎదురు చూశాను. రైలు కదలగానే ఆవిడ అన్న మొదటి మాట, "తప్పు బొట్టుది కాదు" అని.

"అదేంటి మేడం?"

"శబ్దం తిరిగి రాకపోతే లెక్క సున్నా వస్తుంది. సున్నా అంటే గోడ ముక్కుకి తగిలేంత దగ్గరుందని రాసింది నువ్వు. ఏమీ కనపడకపోవడం, గోడ ఉండడం ఒకటేనా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి రోజు కూడానా! కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

తెనాలిలో రేపల్లె రైలు సిద్ధంగా ఉంది. ఆవిడ ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నారు. జాగర్లమూడి వైపు నా రైలుకి టైముంది, మర్యాదకి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. మోకాళ్ళ దగ్గర ఆవిడ చీర ఇంకా మట్టిగానే ఉంది.

"ఫోను నీ దగ్గరే కదా ఉంది?" అన్నారు.

"అవునండి. నేను నొక్కలేదండి. ఒట్టు మేడం."

"తెలుసు. ఫోను కలిసి ఉంటే దాని బోర్డు మీద ఎర్ర లైటు నెమ్మదిగా వెలిగి ఆరుతూ ఉంటుంది. కింద పడుకోగానే చూశాను. ఎవరి చేతిలోనో ఉందని అర్థమయ్యింది." కిటికీ చువ్వ పట్టుకున్నారు. "పసుపు కూడా అప్పుడే చూశాను."

నాకు అర్థం కాలేదు. "మరి వెంటనే లేవలేదేంటండి?"

"కదులుతుందేమోనని."

ఆవిడ నా మొహం చూడలేదు. కిటికీ చువ్వ పట్టుకున్న తన చెయ్యి చూసుకుంటున్నారు.

"ఆ బొట్టు నేను తుడవలేను. పెద్దమ్మగారిని అడగాలని అప్పటికి తట్టలేదు. నాకేం దారి కనపడలేదమ్మా. ఎవరైనా నొక్కేస్తే బాగుండునని రెండో కన్ను కూడా మూసుకున్నాను. ఆ గది పోతే నేను తట్టుకోలేను."

"ఫోనెవరి దగ్గరుందని అక్కడే అడగొచ్చు కదండి?"

"అడిగితే ఆపించాలి కదా" అన్నారు.

రైలు కదిలింది. ఆవిడ చెయ్యి ఊపలేదు. అలాగే చువ్వ పట్టుకుని కూర్చున్నారు, చిన్నగా, అలిసిపోయి, ఎవరో మామూలు ప్రయాణికురాలిలా. నేను నాలుగడుగులు రైలు పక్కనే నడిచి ఆగిపోయాను. ఏడుపొచ్చింది. అప్పటిదాకా నాకు ఆవిడంటే భయం. ఆ సాయంత్రం నుంచి ఆవిడకేమవుతుందోనని భయం.